రోడ్స్ పాత పట్టణంలో నైట్ల కట్టడాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రీస్ వెళ్ళే మనవాళ్ళలో ఎక్కువమంది ఏథెన్స్, సాంటోరిని చూసుకుని వచ్చేస్తారు. రోడ్స్ దాకా వెళ్ళినవాళ్ళు కూడా బీచ్‌లో రెండు రోజులు గడిపి, ఒక సాయంత్రం పాత పట్టణంలో అలా తిరిగి, ఫ్రిజ్‌కి అతికించే మాగ్నెట్లు కొనుక్కుని బయల్దేరతారు. ఆ కోట గోడల మధ్య ఇంకాస్త సేపు గడపాలని, చూస్తున్నదేమిటో తెలుసుకుని చూడాలని ఉన్నవాళ్ళ కోసం ఈ జవాబులు.

ఈ నైట్లు ఎవరు? గ్రీకు దీవిలో వాళ్ళకేం పని?

రాజుగారి కొలువులో గుర్రాలెక్కి తిరిగే సినిమా వీరులు కారు. వీళ్ళు సన్యాస వ్రతం పట్టిన యోధులు. పెళ్ళి లేదు, సొంత ఆస్తి లేదు, పెద్దల మాట దాటకూడదు. పదకొండో శతాబ్దంలో జెరూసలేం వచ్చే యాత్రికుల కోసం నడిచిన ఒక ఆసుపత్రి చుట్టూ ఈ సంఘం ఏర్పడింది. 1113లో పోప్ దానికి గుర్తింపునిచ్చాడు. రోగుల సేవతో మొదలైనవాళ్ళు కొన్నాళ్ళకు కత్తి కూడా పట్టారు. సెయింట్ జాన్ పేరు మీద నడిచింది కాబట్టి సెయింట్ జాన్ నైట్లు అంటారు, ఆసుపత్రి వల్ల హాస్పిటలర్లు అని కూడా అంటారు.

1291లో పాలస్తీనా తీరంలోని ఆక్రా కోట పోవడంతో జెరూసలేం చుట్టుపక్కల పవిత్ర భూమిలో వాళ్ళకు నిలువ నీడ లేకుండా పోయింది. కొన్నేళ్ళు సైప్రస్‌లో తలదాచుకుని, 1306లో రోడ్స్ మీదికి వచ్చారు. 1309 నాటికి దీవి వాళ్ళ చేతికొచ్చింది. తుర్కియే తీరం నుంచి ఇరవై కిలోమీటర్లు కూడా లేని దీవి ఇది. తూర్పు మధ్యధరా సముద్రంలో వెళ్ళే ఓడల మీద కన్నేసి ఉంచడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. పైగా 1312లో టెంప్లర్లు అనే మరో యోధ సన్యాసుల సంఘాన్ని పోప్ రద్దు చేసి, వాళ్ళ ఆస్తుల్లో చాలా భాగం వీళ్ళకు అప్పగించాడు. యూరప్ నలుమూలల నుంచి వచ్చే ఆ భూముల రాబడి లేకపోతే ఈ గోడలు లేచేవి కావు.

1522 చివరిదాకా, అంటే రెండు వందల ఏళ్ళకు పైగా, దీవిని ఏలింది వీళ్ళే.

పాత పట్టణమంతా నైట్లు కట్టిందేనా?

కాదు. ఈ సంగతి ముందే తెలుసుకుని వెళితే చూసేది బాగా అర్థమవుతుంది. రోడ్స్ నగరం క్రీ.పూ. 408లో గళ్ళ నుడికట్టులా తిన్నని వీధులతో పుట్టింది. ఆ వీధుల్లో కొన్ని ఇప్పటికీ అవే గీతల మీద ఉన్నాయి. వాటిపైన బైజాంటిన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యం) కాలపు కోట వచ్చింది. దాన్ని పెంచి, మార్చి నైట్లు తమ పట్టణం చేసుకున్నారు. తర్వాత 1912 వరకు ఒట్టోమన్ తుర్కులు ఉన్నారు, మసీదులు, స్నానశాలలు కట్టారు. ఆపైన ఇటాలియన్లు వచ్చి, ఒట్టోమన్ కాలపు చేర్పులు చాలావరకు తీసేసి, నైట్ల కాలం కనిపించేలా మరమ్మతులు చేశారు. 1948లో దీవి అధికారికంగా గ్రీస్‌లో కలిసింది. 1988లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

కాబట్టి మీకు కనిపించే ‘మధ్యయుగం’లో కొంత నిజంగా పదిహేనో శతాబ్దానిది, కొంత 1920లు, 30ల్లో ఇటాలియన్లు ఊహించుకున్న పదిహేనో శతాబ్దం. రెంటినీ విడదీసి చూడటంలోనే అసలు మజా ఉంది.

టైమ్ తక్కువ. ఏది వదిలేయవచ్చు, ఏది వదలకూడదు?

అందరూ సంఘం అధిపతి అయిన గ్రాండ్ మాస్టర్ ప్యాలెస్‌కి పరుగెడతారు. నా మాట వింటే ముందు నైట్లు ఇక్కడ కట్టిన ఆసుపత్రి, తర్వాత కందకం, తర్వాత నైట్స్ వీధి. ప్యాలెస్ ఆఖర్న, టైమ్ మిగిలితే. ఎందుకో కింద చెబుతాను.

నైట్స్ వీధి ప్రత్యేకత ఏమిటి?

గ్రీకులో ఇప్పోటోన్ అంటారు. ఆసుపత్రి దగ్గర మొదలై ప్యాలెస్ వైపు ఎక్కుతుంది. పొడవు సుమారు 200 మీటర్లు, వెడల్పు ఆరు మీటర్లు. రేవు నుంచి పైకి వెళ్ళే ప్రాచీన నగరపు వీధి మీదే ఇది నిలిచింది కాబట్టి గీత గీసినట్టు నేరుగా ఉంటుంది. మధ్యయుగపు ఊళ్ళలో ఇంత తిన్నని వీధి అరుదు.

రెండు పక్కలా ఉన్నవి నైట్ల సత్రాలు. సంఘంలో చేరినవాళ్ళను వాళ్ళు మాట్లాడే భాష, వచ్చిన ప్రాంతాన్ని బట్టి వర్గాలుగా విడదీశారు: ప్రోవాన్స్, ఓవెర్న్, ఫ్రాన్స్, ఇటలీ, ఆరగాన్, ఇంగ్లండ్, జర్మనీ. 1462లో ఆరగాన్ నుంచి కాస్టీల్, పోర్చుగల్ విడిపోవడంతో ఎనిమిదయ్యాయి. ఒక్కో వర్గానికి ఒక్కో సత్రం. కలిసి భోంచేయడానికి, సమావేశాలకు, యూరప్ నుంచి వచ్చిన తమవాళ్ళకు బస ఇవ్వడానికి. వర్గాన్ని బట్టి పదవులు కూడా పంచారు. నౌకాదళం ఇటలీవాళ్ళ చేతిలో, ఆసుపత్రి పెద్దరికం ఫ్రాన్స్‌వాళ్ళ చేతిలో ఉండేవి. అన్ని సత్రాలూ ఈ వీధిలోనే లేవు. ఇంగ్లండ్ సత్రం కిందికి, ఆసుపత్రి ఎదుటి చౌకు దగ్గర ఉంది.

వీధిలో అన్నిటికన్నా అందమైనది ఫ్రాన్స్ సత్రం. 1492లో మొదలుపెట్టారు. ముందు గోడను నిదానంగా చూడండి. అడ్డంగా సాగిన రాతి పట్టీలు, కిటికీలను శిలువ ఆకారంలో నాలుగుగా చీల్చే రాతి కడ్డీలు, పైన అలంకారంగా చిన్న బురుజుల్లాంటి పిట్టగోడ, మధ్య మధ్య ఫ్రాన్స్ రాజు లిల్లీ పూల చిహ్నం. ఇంత నగిషీ ఉన్నా ఇల్లు ఇల్లులా కాక కోటలా బిగుసుకుని ఉంటుంది. కింది అంతస్తులో వీధి వైపు పెద్ద కమాను తలుపులు, వాటి వెనక గోదాములు. మనుషులు ఉండేది పై అంతస్తులో. మెట్లు లోపలి ఆవరణలో ఉంటాయి.

సత్రాల లోపలికి వెళ్ళవచ్చా?

ఎక్కువ భాగం ఇప్పుడు ఆఫీసులు. ప్రదర్శనలు జరిగే రోజుల్లో కొన్ని తెరుస్తారు. తలుపు తీసి ఉంటే ఆవరణలోకి తొంగి చూడండి, ఎవరూ ఏమీ అనరు.

గోడల మీద అన్నిచోట్లా చెక్కిన డాలు గుర్తులు ఎలా గుర్తుపట్టాలి?

ఇది ఒకసారి అలవాటైతే ఊరంతా తేదీలు వేసి ఉన్నట్టే. సంఘం గుర్తు మామూలు శిలువ. దాని పక్కనే ఆ కట్టడం కట్టించిన గ్రాండ్ మాస్టర్ ఇంటి గుర్తు ఉంటుంది. నాలుగైదు గుర్తులు తెలిస్తే చాలు. కొసలు కొక్కేల్లా రెండుగా చీలి వంగిన శిలువ కనిపిస్తే పియెర్ దోబుస్సోన్, అంటే 1476 నుంచి 1503 మధ్య. నిలువు చారలైతే ఎమెరీ దాంబ్వాజ్, 1503 నుంచి 1512. ఏటవాలు చారలైతే ఫాబ్రిట్సియో డెల్ కారెట్టో, 1513 నుంచి 1521. గులాబీ పువ్వు ఉంటే ఓర్సినీ, 1467 నుంచి 1476. దోబుస్సోన్‌కు 1489లో పోప్ కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి చర్చి పెద్ద) హోదా ఇచ్చాడు. ఆ తర్వాత చెక్కిన కొన్ని గుర్తుల పైన కుచ్చుల టోపీ ఉంటుంది.

ఒకే గోడ మీద రెండు మూడు గుర్తులు ఉన్నాయంటే ఆ గోడకు అన్నిసార్లు మరమ్మతు జరిగిందని లెక్క. పిల్లలు వెంట ఉంటే ఈ ఆట వాళ్ళకు అప్పజెప్పండి, మీకు కాస్త ప్రశాంతత.

ఆసుపత్రిలో చూడటానికి ఏముంది?

పట్టణం మొత్తంలో నైట్లను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి కట్టడం లేదు. ఇప్పుడు ఇది పురావస్తు మ్యూజియం. 1437లో చనిపోయిన గ్రాండ్ మాస్టర్ అంతోనియో ఫ్లూవియాన్ ఆసుపత్రి కోసం 10,000 బంగారు ఫ్లోరిన్లు రాసిపోయాడు. 1440లో జాన్ ద లాస్టిక్ పునాది వేయించాడు. పూర్తయ్యేసరికి దోబుస్సోన్ కాలం, 1489.

బయటి నుంచి చూస్తే ఆసుపత్రి అనిపించదు. మందపాటి గోడలు, వీధి వైపు వరసగా గోదాముల కమానులు. ప్రధాన ద్వారం పైన గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఒక భాగం కనిపిస్తుంది. అది పై అంతస్తులోని ప్రార్థనా మందిరం. లోపల పెద్ద ఆవరణ, చుట్టూ రెండంతస్తుల కమానుల వరండాలు. ఆవరణలో పాలరాతి సింహం ఒకటి కూర్చుని ఉంటుంది. అది నైట్లకన్నా చాలా పాతది.

మెట్లెక్కితే వస్తుంది రోగుల వార్డు. సుమారు 50 మీటర్ల పొడవైన హాలు, మధ్యలో స్తంభాల వరస. ఒక పక్క గోడలో ప్రార్థనా మందిరం, ద్వారం మీద బయటికి పొడుచుకొచ్చిందని చెప్పానే, అదే. మంచం మీద పడుకున్న రోగికి పూజ కనిపించాలి, వినిపించాలి, అందుకే అక్కడ పెట్టారు. గోడల వెంట కిటికీల్లేని చిన్న చిన్న గదులున్నాయి. వాటిని దేనికి వాడారన్న దానిమీద రకరకాల ఊహలున్నాయి. గైడ్ ఒక్కదాన్నే గట్టిగా చెబితే నవ్వి ఊరుకోండి. హాల్లో గోడలకు ఆనించిన రాళ్ళు నైట్ల సమాధి ఫలకాలు.

ఈ కట్టడంలో లేనిదొకటి చెప్పాలి. చెక్కతో చేసిన అసలు ప్రధాన తలుపు ఇక్కడ లేదు. 1836లో ఒట్టోమన్ సుల్తాన్ రెండో మహమూద్ దాన్ని ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్‌కు కానుకగా ఇచ్చేశాడు. ఇప్పుడది వెర్సాయ్ కోటలో ఉంది.

మ్యూజియం వస్తువుల్లో చాలామంది ఆగేది జుట్టు ఆరబెట్టుకుంటూ కూర్చున్న ప్రేమదేవత అఫ్రొడైటీ చిన్న బొమ్మ దగ్గర. బాగుంటుంది. కానీ బొమ్మల కోసం హడావుడిగా వార్డు దాటేయకండి.

గ్రాండ్ మాస్టర్ ప్యాలెస్ అసలైనదేనా?

కొంతే. బైజాంటిన్ కాలపు కోట ఉన్న చోట పద్నాలుగో శతాబ్దంలో నైట్లు ఈ ప్యాలెస్ కట్టారు. ఒట్టోమన్లు దీన్ని జైలుగా వాడారు. 1856లో దగ్గరే ఉన్న సెయింట్ జాన్ చర్చి కింద ఎప్పటిదో నిలవ ఉన్న తుపాకి మందు పిడుగుపాటుకు పేలింది. వందల మంది చనిపోయారు, చర్చి నేలమట్టమైంది, ప్యాలెస్ పై అంతస్తు చాలావరకు కూలింది.

తర్వాత ఎనభై ఏళ్ళు అది శిథిలమే. 1937లో ఇటాలియన్ గవర్నర్ దె వెక్కి దీన్ని తిరిగి కట్టించడం మొదలుపెట్టాడు. వాస్తుశిల్పి విట్టోరియో మెస్తూరినో. 1940లో పూర్తయింది. ఇటలీ రాజు మూడో విక్టర్ ఇమాన్యుయేల్, ముస్సోలిని వస్తే దిగడానికి విడిదిగా దీన్ని తలపెట్టారు. పక్క దీవి కోస్‌లో దొరికిన, రంగురాళ్ళ ముక్కలు పొదిగిన ప్రాచీన మొజాయిక్ నేలలను పెకలించి తెచ్చి గదుల్లో పరిచారు. పాముల జుట్టు రాక్షసి మెడూసా తల, తొమ్మిదిమంది కళాదేవతలు ఉన్న నేలలు వాటిలోవే. నైట్లు వీటి మీద ఎన్నడూ అడుగు పెట్టలేదు.

ఆ మొజాయిక్‌ల పనితనం చూడదగ్గదే, కాదనను. కానీ పై అంతస్తు హాళ్ళలో తిరుగుతూ ‘నైట్లు ఇలా బతికారన్నమాట’ అనుకుంటే పొరపాటు. నైట్ల నాటి రాయి చూడాలంటే ద్వారం పక్కనున్న రెండు పెద్ద బురుజులు, కింది అంతస్తు చూడండి. ఆవరణలో బావి ఒరల్లా కనిపించేవి నేలలో తవ్విన ధాన్యపు గాదెల మూతులు. ముట్టడి వస్తే నెలల తరబడి తినాలి కదా. నాకైతే మొజాయిక్‌లకన్నా ఆ గాదెలే ఎక్కువ చెబుతాయి. కింది అంతస్తులో ప్రాచీన రోడ్స్ మీద, మధ్యయుగపు రోడ్స్ మీద ప్రదర్శనలు కూడా ఉన్నాయి.

కోట గోడల్లో అంత గొప్పేముంది? కోటలు మనకు కొత్తా?

కొత్త కాదు. గోల్కొండ ఫతే దర్వాజాలో దారి నేరుగా లోపలికి పోకుండా మెలిక తిరగడం చూసే ఉంటారు. ఇక్కడ దాంబ్వాజ్ ద్వారానిదీ అదే ఉపాయం. కందకం మీది వంతెన దాటి, రెండు గుండ్రటి బురుజుల మధ్యగా దూరితే దారి వంకరలు తిరుగుతుంది. లోపల మరో కందకం, మరో ద్వారం. బయటి ద్వారం పైన 1512 అని తేదీ, దేవదూత పట్టుకున్న డాలు గుర్తులు ఉన్నాయి.

రోడ్స్ గోడల గొప్పతనం వేరే చోట ఉంది. ఫిరంగి వచ్చాక కోట ఎలా మారిందో ఒకే గోడ మీద అంచెలంచెలుగా చూడవచ్చు. పాత పద్ధతిలో గోడ ఎత్తుగా, సన్నగా ఉండేది. నిచ్చెనలు వేసి ఎక్కేవాణ్ణి ఆపడానికి ఎత్తే ముఖ్యం. ఫిరంగి గుండు ముందు ఆ ఎత్తు శాపం. కొట్టడానికి తేలిక, కూలితే ఆ రాళ్ళే శత్రువుకు మెట్లు.

1480లో మెసిహ్ పాషా నాయకత్వంలో ఒట్టోమన్ సైన్యం వచ్చినప్పుడు ఇదే అనుభవమైంది. రేవు మొగలో ఉన్న సెయింట్ నికొలస్ బురుజును, యూదుల వాడ పక్క గోడను ఫిరంగులతో చితక్కొట్టారు. వాడ దగ్గర గోడ బద్దలై సైనికులు పైకి ఎక్కేశారు కూడా. దోబుస్సోన్ తీవ్రంగా గాయపడినా పట్టణం నిలిచింది. మరుసటి ఏడాది భూకంపం వచ్చి మిగిలింది పాడుచేసింది.

ఆ తర్వాత నలభై ఏళ్ళు ఆగకుండా పని. గోడలను లోపలి నుంచి మందం చేశారు. కందకం వెడల్పు పెంచారు. ద్వారాల సంఖ్య తగ్గించారు. పాత సన్నటి బురుజుల చుట్టూ పలకలు పలకలుగా తక్కువ ఎత్తులో కొత్త బురుజులు కట్టారు. వాటి మీద నుంచి పక్క గోడ పొడవునా ఫిరంగి పేల్చవచ్చు. ఇటలీ నుంచి కోట ఇంజనీర్లను రప్పించారు. ఆ పనిలో ఆఖరి అంచె డెల్ కారెట్టో బురుజు. గుండ్రంగా, నేలకు కరుచుకుని ఉంటుంది. దాన్ని చూసి, వెంటనే పాత చతురస్రపు బురుజును చూస్తే ఒక్క తరంలో యుద్ధం ఎంత మారిందో పుస్తకం అక్కర్లేకుండానే తెలుస్తుంది.

గోడ చుట్టుకొలత సుమారు నాలుగు కిలోమీటర్లు. దాన్ని భాషా వర్గాల వారీగా ముక్కలు చేసి కాపలా అప్పగించారు. ఇది జర్మనీ గోడ, ఇది ఇంగ్లండ్ గోడ అని ఇప్పటికీ అలాగే పిలుస్తారు.

ఇంత చేసినా 1522లో ఎందుకు ఓడిపోయారు?

గోడ ఓడలేదు, మనుషులు అలసిపోయారు. ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ ఈసారి స్వయంగా వచ్చాడు. జూలై చివర్లో దిగిన సైన్యం డిసెంబరు దాకా కదల్లేదు. ఫిరంగుల కన్నా సొరంగాలతోనే ఎక్కువ నష్టం జరిగింది. గోడ కిందికి తవ్వి, తుపాకి మందు కూరి పేల్చేవారు. సెప్టెంబరు మొదట్లో ఇంగ్లండ్ బురుజు దగ్గర అలాగే గోడ లేచిపోయింది. నైట్ల తరఫున గాబ్రియేలె తదీనీ అనే ఇటాలియన్ ఇంజనీర్, బిగించిన తోలు మీద చిన్న గంటలు వేలాడదీసి, నేల అదిరితే అవి మోగే ఏర్పాటు చేశాడు. ఎక్కడ తవ్వుతున్నారో పసిగట్టి ఎదురు సొరంగం తవ్వేవాళ్ళు.

ఐదు నెలలైనా యూరప్ నుంచి చెప్పుకోదగ్గ సాయం రాలేదు. తుపాకి మందు అయిపోయింది, ఊళ్ళోవాళ్ళు లొంగిపొమ్మని ఒత్తిడి చేశారు. గ్రాండ్ మాస్టర్ ఫిలిప్ విలియే ద లిల్-ఆదాం ఒప్పందానికి దిగాడు. సులేమాన్ వాళ్ళను ఆయుధాలతో, సామానుతో వెళ్ళిపోనిచ్చాడు. 1523 జనవరి 1న ఓడలెక్కారు.

కందకంలో నడవవచ్చా? నీళ్ళుండవా?

ఎప్పుడూ నీళ్ళు లేవు. ఇది పొడి కందకం. ఇప్పుడు పార్కులా ఉంది, లోపల చాలా దూరం నడవవచ్చు. అక్కడక్కడా ఫిరంగి రాతి గుండ్లు పడి ఉంటాయి. కందకం మధ్యలో దీవుల్లా నిలిచిన రాతి దిబ్బలు కూడా రక్షణ కోసం వదిలినవే. అడుగున నిలబడి తలెత్తి చూసేదాకా గోడ ఎత్తు తెలియదు. టికెట్ లేకుండా ఇంత మంచి చోటు ఊళ్ళో ఇంకొకటి లేదు. జనం కూడా తక్కువ. గోడ పైన నడక వేరు, దానికి రోజులు, వేళలు మారుతుంటాయి. ప్యాలెస్ టికెట్ కౌంటర్లో అడగండి.

ఊళ్ళో ఒక పక్క హుందాగా, ఇంకో పక్క సందులు సందులుగా ఉందెందుకు?

నైట్లు పట్టణాన్ని లోపలి గోడతో రెండు ముక్కలు చేశారు. ఉత్తరాన చిన్న ముక్క కొల్లాకియో: ప్యాలెస్, సత్రాలు, ఆసుపత్రి, సంఘానికి చెందినవన్నీ. దక్షిణాన పెద్ద ముక్క బుర్గో: గ్రీకులు, యూదులు, పడమటి దేశాల వర్తకులు. ఇప్పుడు దుకాణాలతో కిటకిటలాడే సోక్రటీస్ వీధి ఆ రెండో భాగంలోదే.

బుర్గో సందుల్లో తలపైన ఒక ఇంటి నుంచి ఎదురింటికి కమానులు కనిపిస్తాయి. అలంకారం కాదు. భూకంపం వస్తే గోడలు ఒకదానికొకటి ఆసరాగా నిలవాలని కట్టినవి. ఇప్పోక్రాటిస్ చౌకులో బయటి మెట్లతో ఉన్న కట్టడం కస్తెల్లానియా. 1507లో పూర్తయింది, వర్తకుల తగాదాలు తీర్చిన చోటు. అక్కడికి దగ్గర్లోనే సముద్ర ద్వారం, రెండు బురుజుల మధ్య మేరీమాత, ఇద్దరు సెయింట్ల శిల్పంతో. రేవు వైపు నుంచి ఫొటో తీసుకోవాలంటే ఇదే.

ఇది గోతిక్ అంటారు. ప్యారిస్ చర్చిల్లా లేదేం?

ఎత్తు కోసం పాకులాడలేదు, నిజమే. గోతిక్ అంటే పారిస్ చర్చిల్లో కనిపించే మొనదేలిన కమానుల పద్ధతి. ఆ కమానులు, కిటికీ నగిషీలు తెచ్చుకున్నారు. కానీ ఇక్కడ దొరికేది తేనె రంగు మెత్తని రాయి, పైగా భూకంపాల నేల, ఎండ ఎక్కువ. కాబట్టి కప్పులు బల్లపరుపు, గోడలు మందం, కిటికీలు తక్కువ. స్పెయిన్, దక్షిణ ఫ్రాన్స్ నుంచి వచ్చిన అలవాట్లు, స్థానిక గ్రీకు మేస్త్రీల పనితనం రెండూ కలిశాయి. ఆ మెత్తని రాయిని సముద్రపు ఉప్పుగాలి తినేస్తుంది. మూలల్లో తేనెపట్టులా తూట్లు పడిన రాళ్ళు అందుకే.

గోతిక్ చర్చి ఎలా ఉండేదో చూడాలంటే కోట గోడకు లోపల, రేవు వైపున్న మేరీమాత చర్చి శిథిలాలకు వెళ్ళండి. పైకప్పు లేదు, మూడు గర్భాలయాల గోడలు ఆకాశం కింద నిలిచి ఉన్నాయి. ఆసుపత్రి ఎదుటనున్న కోట మేరీమాత చర్చి మాత్రం బైజాంటిన్ గుడిని నైట్లు గోతిక్‌గా మార్చుకున్నది, తర్వాత మసీదైంది, ఇప్పుడు మ్యూజియం.

కొలోసస్ విగ్రహం నైట్లదేనా?

కాదు. అది క్రీ.పూ. మూడో శతాబ్దపు సూర్యదేవుడి కంచు విగ్రహం. క్రీ.పూ. 226 ప్రాంతంలో భూకంపానికి కూలిపోయింది. రేవుకు రెండు పక్కలా కాళ్ళు పెట్టి నిలబడిందన్నది తర్వాతివాళ్ళ కల్పన.

యూదుల వాడ కూడా చూడాలా?

చూడాలి. 1480లో గోడ బద్దలైంది అక్కడే. కహల్ షాలోమ్ ప్రార్థనా మందిరం 1577 నాటిది, ఆవరణలో నలుపు తెలుపు గులకరాళ్ళ నేల ఉంది. 1944 జూలైలో నాజీలు రోడ్స్ యూదులను, పదహారు వందల మందికి పైగా, ఆష్విట్జ్‌కు పంపించారు. తిరిగొచ్చినవాళ్ళు బహు కొద్దిమంది. దగ్గరి చౌకులో వాళ్ళ స్మారక స్తంభం ఉంది.

మాల్టా చూసేశాం. మళ్ళీ ఇక్కడికి రావాలా?

వస్తే మంచిదే. అదే సంఘం, వేరే కాలం. రోడ్స్ వదిలాక 1530లో వాళ్ళకు మాల్టా దక్కింది. అక్కడి వలెట్టా నగరం 1565 ముట్టడి తర్వాత కట్టింది కాబట్టి మొదటి రోజు నుంచే ఫిరంగి కోసం గీసిన ఊరు, లోపల బరోక్ అనే ఆడంబర శైలి వైభవం. రోడ్స్‌లో పాత కోటకు ఫిరంగి కాలపు కవచం తొడిగారు. వలెట్టాలో సంఘం సంపద కనిపిస్తుంది, రోడ్స్‌లో భయం కనిపిస్తుంది.

ఎలా వెళ్ళాలి? వీసా?

భారత పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా కావాలి. హైదరాబాద్ నుంచి ఏథెన్స్ చేరి, అక్కడి నుంచి గంట విమానం. ఎయిర్‌పోర్టు పట్టణానికి 14 కిలోమీటర్ల దూరం, బస్సు ఉంది. పిరేయస్ నుంచి ఓడ కూడా ఉంది కానీ పన్నెండు గంటలకు పైగా పడుతుంది. తుర్కియేలోని మార్మరిస్‌కు పడవలో గంట ప్రయాణం చూసి చాలామందికి మనసు లాగుతుంది. వెళ్ళి మళ్ళీ రోడ్స్ రావాలంటే షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీదై ఉండాలి, తుర్కియే వీసా సంగతి విడిగా చూసుకోవాలి. ఒక్కసారి ఎంట్రీ వీసాతో పడవెక్కితే పెద్ద టెన్షన్.

ఏ నెలలు మంచివి?

మే, జూన్ మొదలు, సెప్టెంబరు చివర, అక్టోబరు. జూలై, ఆగస్టుల్లో రాయి కాగిపోతుంది. ఏ నెలైనా పెద్ద టూరిస్టు ఓడలు ఆగిన రోజున పది నుంచి నాలుగు దాకా నైట్స్ వీధిలో కాలు పెట్టే సందుండదు. పొద్దున్నే ఎనిమిది లోపు వెళ్ళండి.

అమ్మానాన్నలను తీసుకెళ్ళవచ్చా?

వచ్చు, కొంచెం జాగ్రత్తతో. వీధుల నిండా నిలువుగా పేర్చిన గులకరాళ్ళు. పట్టున్న బూట్లు ఉండాలి, తడిస్తే జారుతాయి. ఎక్కితే ఆయాసం వచ్చేవాళ్ళైతే నైట్స్ వీధిని ప్యాలెస్ వైపు నుంచి కిందికి దిగడం మేలు, ఎక్కడం కన్నా తేలిక. ఆసుపత్రి, ప్యాలెస్ రెండింటిలోనూ మెట్లున్నాయి. కార్లను లోపలికి చాలావరకు రానివ్వరు. హోటల్ పాత పట్టణంలోపల తీసుకుంటే చక్రాల సూట్‌కేసు ఆ రాళ్ళ మీద ఈడ్వడం నరకం. ఏ ద్వారం దగ్గర దిగితే దగ్గరో హోటల్‌ని ముందే అడిగి ఉంచుకోండి.

శాకాహారం దొరుకుతుందా?

బాగానే దొరుకుతుంది. రోడ్స్‌వాళ్ళవే పితరూదియా, శనగలతో చేసే వడలు, తప్పక అడగండి. పెద్ద చిక్కుడు గింజల కూర, పాలకూర పై, ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం, సలాడ్‌లు ఉంటాయి. ద్రాక్షాకు చుట్టల్లో ఒక్కోసారి మాంసం కలుపుతారు, అడిగి తీసుకోండి. నైట్స్ వీధిలో తినడానికి ఏమీ లేదు. సోక్రటీస్ వీధిలో మనుషులను పిలిచి కూర్చోబెట్టే హోటళ్ళు దాటి, దక్షిణం వైపు సందుల్లోకి పది నిమిషాలు నడిస్తే ధరా తగ్గుతుంది, రుచీ పెరుగుతుంది.